గీజరు ఎప్పుడు రిటైరవ్వాలి?

తెలంగాణ ప్రభుత్వం 2021లో ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 61కి పెంచింది. మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 60 నుంచి 62కి పెంచింది. అంతకు ముందే 58కి దండ వేయించుకుని ఇంటికొచ్చి కూర్చున్న నాబోటి లెక్కల మాస్టార్లు తప్ప అందరూ సంతోషించారు. ఏ మనిషి ఎప్పుడు కుర్చీ ఖాళీ చేయాలో అంత కచ్చితంగా తేల్చిన ఈ రెండు ప్రభుత్వాలూ, బాత్రూం అటక మీద కూర్చున్న గీజరు ఎప్పుడు కిందికి దిగాలో మాత్రం చెప్పలేదు. దీన్ని నా ఫిర్యాదుగా స్వీకరించి తగు చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాను. ఎవరిని కోరుతున్నానో నాకూ తెలియదు. గీజరు విషయంలో బాధ్యత గల అధికారి అంటూ ఎవరూ లేకపోవడమే నా మొదటి అభ్యంతరం.

ఇంట్లో మిగతా సరుకుతో ఈ గొడవ లేదు. ఫ్యాను పాడైతే తిరగదు. ఫ్రిజ్జు పాడైతే పాలు విరుగుతాయి. మిక్సీ అయితే చుట్టాలొచ్చిన రోజు చూసుకుని, మాడు వాసన కొట్టి మరీ పోతుంది. గీజరు అలా పోదు. పాడవడాన్ని కూడా వాయిదాల మీద చేస్తుంది. కొత్తలో రెండు బకెట్ల స్నానానికి సరిపడా వేడి ఇచ్చిన మనిషి, క్షమించాలి, యంత్రం, కొన్నాళ్ళకు బకెట్టున్నరకు దిగుతుంది, ఆ తర్వాత బకెట్టుకు. తగ్గింది వేడా, పెరిగింది చలా, లేక మా ఆవిడ కొత్తగా కొన్న బకెట్టు పెద్దదా అన్న మీమాంసలోనే ఏళ్ళు గడిచిపోతాయి.

దానికి తోడు దాని డ్యూటీ చూడండి. కార్తీకంలో చేరుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు, దానితో పాటే ఇదీ సెలవు పెట్టేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం కుళాయి తిప్పితే మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు నుంచి కరెంటు ఖర్చు లేకుండానే చేతులు కాలే నీళ్ళు వస్తాయి, అప్పుడు చన్నీళ్ళ కోసం వెతుక్కోవాలి. ఏడాదిలో ఎనిమిది నెలలు సెలవు, మిగిలిన నాలుగు నెలల్లో రోజుకు గంటో గంటన్నరో పని. ఇంత సుఖమైన కొలువు నేను చేసిన ఏ బడిలోనూ ఎవరికీ చూడలేదు. అంత విశ్రాంతి తీసుకున్నది కదా, పండగ రోజైనా నిలబడుతుందా అంటే అదీ లేదు. నరకచతుర్దశి తెల్లవారుజామున అందరి నెత్తి మీదా నూనె పడ్డాక, సున్నిపిండి కలిపాక, అప్పుడు తెలుస్తుంది ఎర్రదీపం వెలగడం లేదని.

సరే, వయసెంతో తెలిస్తే ఏదో ఒక నిర్ణయం చేసుకోవచ్చు. వయసు తెలియదు. తయారైన నెల, సంవత్సరం, వరుస సంఖ్య అన్నీ రాసిన చీటీ ఒకటి దాని వంటి మీదే అతికించి ఉంటుంది. బిగించినవాడు ఆ చీటీ గోడ వైపుకు వచ్చేలా బిగిస్తాడు. బిల్లు ఎక్కడుందో దేవుడికెరుక, వారంటీ కార్డు మీద దుకాణం ముద్ర వేయించుకోలేదన్న సంగతి మాత్రం అందరికీ గుర్తుంటుంది. కాబట్టి మా ఇంట్లో దాని వయసు నిర్ణయానికి జరిగిన విచారణ పురావస్తు శాఖ పద్ధతిలో సాగింది. అమ్మాయి పెళ్ళికి ముందా, తర్వాతా? మగపెళ్ళివారు విడిదికి దిగినప్పుడు వేణ్ణీళ్ళు ఎలా ఇచ్చాం? పొయ్యి మీద కాచామని మా ఆవిడ, గీజరు ఉందని నేను. పెళ్ళి ఆల్బం తీసి వెతికితే అందులో బాత్రూం ఫొటో ఒక్కటీ లేదు.

ఇక సాక్షుల వాంగ్మూలాలు.

మా అమ్మ ఈ విచారణను మొదట్నుంచీ గుర్తించలేదు. ఆవిడ లెక్కలో వేణ్ణీళ్ళు అంటే పెరట్లో రాగి బాయిలరు. మధ్యలో నిప్పుల గొట్టం, చుట్టూ నీళ్ళు, కింద బూడిద రాలే జల్లెడ. కొబ్బరి పీచు, పిడకలు, చితుకులు, ఏది వేసినా మండేది. పండగలకు చింతపండు పెట్టి తోమితే బంగారంలా మెరిసేదని ఆవిడ చెబుతుంది, తోమింది ఎవరో చెప్పదు. ఆ బాయిలర్లలో ఒక రకం ఉండేది: పైన గరాటులో చెంబుడు చన్నీళ్ళు పోస్తేనే పక్క గొట్టం నుంచి చెంబుడు వేణ్ణీళ్ళు వచ్చేవి. మా అమ్మ దాన్ని నాటు సరుకు అని ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. ఎందుకంటే ఈ రోజు వేల రూపాయలు పోసి కొనే గీజరు పనిచేసేదీ సరిగ్గా అలాగే. అడుగు నుంచి చన్నీళ్ళు లోపలికి తోస్తే పైనున్న వేణ్ణీళ్ళు బయటికి వస్తాయి. మధ్యలో నిప్పుల బదులు కరెంటు, అంతే. ఆ బాయిలరును స్టీలు గిన్నెలవాడికి ఇచ్చి ఇడ్లీ పాత్ర పుచ్చుకున్న చరిత్ర మా ఇంట్లో ఉంది, దాని ప్రస్తావన తెస్తే ఆ పూట భోజనాలు ప్రశాంతంగా సాగవు.

మా అబ్బాయి డల్లాసు నుంచి వీడియో కాల్‌లో సాక్ష్యం చెప్పాడు. "నాన్నా, పదేళ్ళు దాటితే ఇంకేం ఆలోచించకు, మార్చెయ్." వాళ్ళింట్లో అటక మీద 50 గ్యాలన్ల ట్యాంకు ఉంది, అంటే మన లెక్కలో దాదాపు 190 లీటర్లు. అది గ్యాసు మీద రాత్రింబవళ్ళు కాగుతూనే ఉంటుంది. వాడు ఆఫీసుకు పోయినా, కోడలు పిల్లలతో ఇండియా వచ్చినా, ఆ 190 లీటర్లు ఎవరి కోసమో వేడిగా ఎదురుచూస్తుంటాయి. అక్కడ ట్యాంకులను 6 ఏళ్ళకు, 9 ఏళ్ళకు, 12 ఏళ్ళకు వారంటీ రాసి అమ్ముతారట. అంటే ఆ దేశంలో గీజరు పుట్టినప్పుడే ఇంచుమించు పదవీ విరమణ తేదీ చేతికిచ్చి పంపుతారన్నమాట. మనకు 15 లీటర్ల సీసాలోంచి నలుగురు స్నానం చేయాలి, ఎవరి తర్వాత ఎవరన్నది ఇంటి రాజ్యాంగం.

మూడో సాక్షి సర్వీసు సెంటరు వాళ్ళు పంపిన మెకానిక్. విజిటింగ్ చార్జీ ముందుగా తీసుకున్నాడు. నిచ్చెన అడిగాడు, తెచ్చాను. ఎక్కలేదు. కింద నుంచే తలెత్తి చూసి తీర్పు చెప్పాడు.

"మార్చేయండి సార్. ఈ మోడల్ కంపెనీవాళ్ళు ఆపేశారు. స్పేర్లు రావు."

"బాబూ, విప్పి చూడకుండానే ఎలా తెలిసింది?"

"రోజూ చూస్తున్నాం కద సార్."

ముప్పై నలభై మంది పిల్లల జవాబు పత్రాలకు పేరు చూసి మార్కులు వేసే మాస్టార్లను నేనెరుగుదును. వాళ్ళను కూడా ఇంత తొందరగా క్షమించలేదు. అయితే న్యాయంగా చెప్పాలి, ఆ కుర్రాడికి విప్పితే రెండు గంటల పని, మారిస్తే అరగంట పని, పైగా అమ్మిన దాని మీద కమీషన్. నేనతని స్థానంలో ఉంటే నిచ్చెన కూడా అడిగేవాణ్ణి కాదు.

విప్పినవాడు వేరే. మా వీధి చివర మోటార్లు చుట్టే కొట్టులో పనిచేసే అబ్బాయి. వాడు మాట్లాడడు. ముందు మెయిన్ ఆపాడు, కుళాయి మీద టెస్టర్ పెట్టి చూశాడు, యాంగిల్ కాక్ కట్టాడు, పైపు ఊడదీసి నీళ్ళన్నీ బకెట్లోకి దింపాడు. తర్వాత కింద మూత విప్పి, చుట్టూ ఉన్న నట్లు ఒకదాని తర్వాత ఒకటి వదులు చేశాడు. చివరి నట్టు తీసి పళ్ళెం లాంటి ఆ ఇనుప బిళ్ళను కిందికి లాగబోతే అది రాలేదు. లోపల ఏదో పట్టుకుని ఉంది. అటూ ఇటూ ఊపాడు. పెళపెళమని చప్పుడై, తెల్లటి పెళ్ళలు బకెట్లో పడ్డాయి, పడుతూనే ఉన్నాయి. ఎలిమెంటు బయటికి వచ్చింది. రాగి గొట్టం అన్నది నమ్మకంతో చెప్పవలసిన మాట. కనబడిందల్లా బొటనవేలి మందం సున్నం. స్క్రూడ్రైవరు వెనక పిడితో కొడితే పెచ్చు లేచి, దాని కింద గులాబి రంగు రాగి ఒక్క గోరంత మేర కనబడింది.

దాని పక్కనే మరో సన్నటి తీగ వేలాడుతోంది.

"ఇదేంటయ్యా?"

"మెగ్నీషియం రాడ్ సార్. అయిపోయింది."

అయిపోయింది అన్నది నిజం. వేలి లావు ఉండవలసిన కడ్డీ పూర్తిగా కరిగి లోపలి ఇనుప తీగ మాత్రం మిగిలింది. ఆ కడ్డీ సంగతి నేను ఆ కొట్టు అబ్బాయి కన్నా కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అమ్మేవాళ్ళెవరూ చెప్పరు. గీజరు ట్యాంకు చాలా వాటిలో ఉక్కుదే, లోపల గాజు పూత పూస్తారు. ఆ పూతలో ఎక్కడో ఒక సన్న పగులు ఉండనే ఉంటుంది. నీళ్ళు అక్కడ ఉక్కును తినడం మొదలుపెడతాయి. అలా తినకుండా, అంతకంటే తేలిగ్గా తినదగిన లోహాన్ని పక్కన ఉంచుతారు. నీళ్ళు దాన్ని తింటాయి, ఉక్కు జోలికి పోవు. కడ్డీ ఉన్నన్నాళ్ళూ ట్యాంకు ఉంటుంది. కడ్డీ అయిపోయిన రోజు నుంచి ట్యాంకుకు కాలం మూడుతుంది. ఈ కిటుకు కొత్తదేం కాదు. 1824లో హంఫ్రీ డేవీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త బ్రిటిష్ నౌకాదళం ఓడల అడుగున ఉన్న రాగి రేకులను సముద్రం తినేయకుండా వాటికి ఇనుము ముక్కలు తగిలించాడు. రాగి చెక్కుచెదరలేదు. కానీ రాగి కరిగితే గాని చావని గుల్లలూ నాచూ ఓడ అడుగున దట్టంగా పట్టేసి ఓడల నడక మందగించింది, నౌకాదళం ఆ ఏర్పాటు పీకేసింది. సముద్రంలో కుదరని ఆ ఉపాయం రెండు వందల ఏళ్ళ తర్వాత మా బాత్రూంలో చక్కగా పనిచేస్తోంది, ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి కడ్డీ మారిస్తే. మా నీళ్ళకైతే ఏడాదికే చూడాలి. మారుస్తారా? కడ్డీ ఉందని తెలిస్తే కదా! గీజరు వెంట ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాల్లో. అదే పుస్తకంలో, కఠిన జలం వల్ల జరిగే నష్టానికి వారంటీ వర్తించదని కూడా ఉంటుంది. బోరు నీళ్ళు తప్ప గతి లేని ఊళ్ళో గీజరు అమ్మి, బోరు నీళ్ళు పోస్తే పూచీ లేదనడం ఏ న్యాయమో నాకు బోధపడలేదు.

అసలు దోషి ఆ నీళ్ళే. మా అపార్టుమెంటు సంపులో కొంత మునిసిపాలిటీ నీళ్ళు, కొంత బోరు, ఎండాకాలం ట్యాంకరు, మూడూ ఏకమవుతాయి. ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు, కందిపప్పు ఉడకదు, స్టీలు కుళాయి మీద తెల్ల చారలు తుడిచిన గంటకే మళ్ళీ వస్తాయి. తాగే నీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన లెక్క ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములుంటే మేలు, వేరే దారి లేకపోతే 600 దాకా ఓర్చుకోవచ్చు. మధ్యస్థంగా 400 అనుకుందాం. రోజుకు 60 లీటర్లు కాస్తే ఆ నీళ్ళతో పాటు గీజరులోంచి 24 గ్రాముల సున్నం ప్రయాణం చేస్తుంది. ఏడాదంతా వాడే ఇల్లయితే ఎనిమిదిన్నర కిలోలు దాటుతుంది. అందులో పదోవంతు లోపల దిగబడినా ఏటా ముప్పాతిక కిలో పైమాటే. చల్లగా ఉన్నప్పుడు నీళ్ళలో కరిగి మర్యాదగా ఉండే బైకార్బొనేటు, వేడి తగలగానే కార్బొనేటై రాయిలా గట్టిపడుతుంది. వేడి ఎక్కువైన కొద్దీ ఎక్కువ దిగుతుంది. థర్మోస్టాట్‌ను చివరికంటా తిప్పి పెట్టి, కాగిన నీళ్ళలో మళ్ళీ అంతకు అంత చన్నీళ్ళు కలుపుకునే ఇళ్ళు ఈ ఊళ్ళో ఎన్నో. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడన్న సామెతను ఇంత ఖర్చు పెట్టి అమలు చేయనక్కర్లేదు. 50, 55 డిగ్రీల దగ్గర పెడితే సున్నమూ తగ్గుతుంది, ఒళ్ళూ కాలదు.

ఇప్పుడు లక్షణాల సంగతి. గీజరు గుడగుడమన్నా, లోపల అటుకులు వేయిస్తున్నట్టు టపటపమన్నా జనం హడలిపోతారు. అది సున్నం పొర కింద ఇరుక్కున్న నీళ్ళు ఆవిరై పగలడం. శుభ్రం చేయిస్తే నోరు మూస్తుంది. నీళ్ళు కాగడం లేదంటే ఎలిమెంటు పోయి ఉండొచ్చు, థర్మోస్టాట్ పోయి ఉండొచ్చు, నీళ్ళు మరీ వేడెక్కితే కరెంటు ఆపే కటౌట్ తెగి ఉండొచ్చు. మూడూ విడివిడిగా దొరికే సరుకులే, కొత్త గీజరు ధరతో పోలిస్తే చిల్లర ఖర్చు. గోరువెచ్చగా వస్తున్నాయంటే గీజరును తిట్టే ముందు గోడకున్న మిక్సర్ కుళాయిని అనుమానించండి. దాని లోపలి వాషరు అరిగితే చన్నీళ్ళు దొంగదారిన వేణ్ణీళ్ళలో కలిసిపోతాయి, పాపం గీజరుకు చుట్టుకుంటుంది. నీళ్ళు ఎర్రగా వస్తే చన్నీళ్ళ కుళాయి కూడా తిప్పి చూడాలి. రెండూ ఎర్రగా వస్తే పైపులదో ట్యాంకరుదో తప్పు. వేణ్ణీళ్ళొక్కటే ఎర్రగా వస్తే ట్యాంకు లోపల తుప్పు మొదలైంది, డబ్బు సర్దుకోవడం మొదలుపెట్టవచ్చు.

ట్యాంకే కారితే అయిపోయినట్టే. పైపు కలిసే చోట కారితే టెఫ్లాన్ టేపు, బిళ్ళ దగ్గర కారితే గ్యాస్కెట్. ఎక్కడా కలపని చోట, పైతొడుగు అడుగు నుంచి, తుప్పు రంగు చుక్కలు పడుతున్నాయంటే లోపలి ట్యాంకుకు చిల్లు పడింది, చుట్టూ ఉన్న ఫోము నానిపోయింది. దానికి వెల్డింగు లేదు, ఎంసీల్ లేదు, మొక్కు లేదు. పదేళ్ళనీ పన్నెండేళ్ళనీ చెప్పే లెక్కలన్నీ ఉజ్జాయింపే. మెత్తటి నీళ్ళున్న ఊళ్ళో పదిహేనేళ్ళు ఆడినా ఆశ్చర్యం లేదు, బోరు నీళ్ళలో ఐదేళ్ళకే చిల్లు పడినా ఆశ్చర్యం లేదు. గీజరుకు పదవీ విరమణ ఉత్తర్వు ఆ తుప్పు చుక్క ఒక్కటే.

ఒక చుక్క మాత్రం మినహాయింపు. గీజరు పక్కన చిన్న ఇత్తడి వాల్వు నుంచి కాగేటప్పుడు బొట్లు పడుతుంటాయి. నీళ్ళు వేడెక్కితే ఉబ్బుతాయి. 15 లీటర్లు 25 డిగ్రీల నుంచి 60కి వెళితే ఓ గ్లాసుడు నీళ్ళు ఎక్కువవుతాయి. వెనక్కి పోవడానికి దారి లేనప్పుడు ఆ గ్లాసుడు ఆ వాల్వు నుంచే బయటపడాలి, దాన్ని పెట్టిందే అందుకు. మా పై అంతస్తు ఆయన అది లీకు అనుకుని వాల్వు మూతిలో మేకు దించి, పైన ఎంసీల్ పూసి, ఆ విజయాన్ని లిఫ్టులో నాకు వర్ణించాడు. థర్మోస్టాట్, కటౌట్ రెండూ మొండికేసిన రోజున ఆ మేకు ఉన్న గీజరు పక్కన నిలబడకూడదు. ఇందులో వ్యంగ్యమేమీ లేదు. ఆ మేకు తీయించేదాకా నేను లిఫ్టు వాడకుండా మెట్ల మీద వెళ్ళి మరీ ఆయన తలుపు తట్టాను. ఆయనకు నేను చాదస్తుణ్ణి. కానివ్వండి.

షాకు కూడా అంతే. కుళాయి ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందంటే ఎలిమెంటు తొడుగు పగిలి కరెంటు నీళ్ళలోకి దిగుతోందని అర్థం. "చెప్పులేసుకుని స్నానం చెయ్యండి, ఏం కాదు" అని సలహా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి అపార్టుమెంటులోనూ ఒకరుంటారు. వాళ్ళ మాట వినకండి. స్విచ్చి కట్టేసి, ఎలిమెంటు మారేదాకా పొయ్యి మీద కాచుకోండి.

ఇక కరెంటు బిల్లు. దుకాణంలో అడుగు పెట్టగానే మొదట వినబడే మాట, "పాత గీజరు కరెంటు తాగేస్తుంది సార్, కొత్తది తీసుకోండి, బిల్లు సగమవుతుంది." లెక్కల మాస్టారి దగ్గర ఈ మాట అనకూడదు. 15 లీటర్ల నీళ్ళను 25 నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే సుమారు 0.6 యూనిట్ కావాలి. 2,000 వాట్ల ఎలిమెంటుకు అది 18 నిమిషాల పని. ముసలి గీజరైనా పడుచు గీజరైనా నీళ్ళకు కావలసిన వేడి అంతే. ఎలిమెంటు నీళ్ళలోనే మునిగి ఉంటుంది, దాని వేడి ఇంకెక్కడికి పోతుంది? సున్నం పడితే ఎలిమెంటు లోలోపల కుమిలి త్వరగా కాలిపోతుంది గానీ బిల్లు రెట్టింపవదు. మరి ఆ నక్షత్రాల చీటీ ఏమిటంటారా? కాగిన నీళ్ళను వాడకుండా రోజంతా అలా వదిలేస్తే ఎంత వేడి బయటికి కారిపోతుందో కొలిచి నక్షత్రాలు ఇస్తారు. పొద్దున వేసిన స్విచ్చి రాత్రి దాకా ఆపని ఇంటికి అయిదు నక్షత్రాలు అవసరమే. స్నానానికి ముందు వేసి, బట్టలు తీసుకునేలోపు ఆపేసే మా ఇంటికి అవి ఆకాశంలో ఉన్నా ఒకటే, చీటీ మీద ఉన్నా ఒకటే. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా ఒక కాపు నాలుగు రూపాయలు దాటదు. ఈ లెక్క చీటీ వెనక వేసి చూపిస్తే ఆ సేల్స్ కుర్రాడు, "సార్, ఇందులో వైఫై కూడా ఉంది" అన్నాడు. ఫోను నుంచి నీళ్ళు కాచుకోవచ్చట. స్నానాల గది నా మంచానికి ఎనిమిది అడుగుల దూరం.

కొట్టు అబ్బాయి వేసిన కొత్త ఎలిమెంటు, కొత్త కడ్డీతో మా గీజరు మరో రెండు చలికాలాలు లాగింది. ఆ తర్వాత పైతొడుగు అడుగున ఆ తుప్పు చుక్క కనబడింది. అప్పుడే కొన్నాం, అంతకు ముందు కాదు. అల్లుడుగారు గ్యాసు గీజరు పెట్టిద్దామన్నారు, చవక అని. కిటికీ లేని బాత్రూంలో గ్యాసు మంట వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, లోపల ఉన్న మనిషికి పిలిచే వ్యవధి ఉండదు. అల్లుడి మాట కాదనడం మా ఇంట్లో అదే మొదటిసారి. మళ్ళీ కరెంటుదే తెచ్చాం.

తెచ్చాక తెలిసింది, పాత గీజరు బోల్టుల దూరం వేరు, కొత్తదాని బోల్టుల దూరం వేరు. అదే 15 లీటర్లు, ఒకే రకం ఐఎస్‌ఐ ముద్ర, అయినా ఒక కంపెనీ బెజ్జం ఇంకో కంపెనీకి పనికిరాదు. టైల్స్‌లో కొత్త బెజ్జాలు, ఒక టైలు పగులు, పైపులు పొడవు చాలక కొత్త పైపులు, బిగింపు చార్జీ వేరే. ఎత్తైన మేడలకు సరిపడేలా 8 బార్ల పీడనం తట్టుకుంటుందని డబ్బా మీద గొప్పగా రాసి ఉంది. మాది మూడో అంతస్తు, మా కుళాయిలో నీళ్ళు వస్తేనే పండగ. ఎక్స్ఛేంజి ఆఫరు కింద పాతదానికి దుకాణంవాళ్ళు ఇస్తామన్న దానికంటే పాత సామాన్లవాడే ఎక్కువిచ్చాడు.

కంపెనీలవారికి నా విన్నపం. తయారైన సంవత్సరం గీజరు ముందు వైపు, తెలుగులో, కళ్ళద్దాలు లేకుండా కనబడేలా రాయండి. మెగ్నీషియం కడ్డీ ఒకటుందని, దాన్ని ఎప్పుడు చూడాలో ఆ పక్కనే రాయండి. ఆ కడ్డీని హార్డ్‌వేర్ కొట్లలో దొరకనివ్వండి. బెజ్జాల దూరం అందరూ కూర్చుని ఒకటి అనుకోండి, ఇదేమీ రాష్ట్ర విభజన కాదు.

పాఠకులకు ఒక్క మాట. కొత్తదైనా, ఎలిమెంటు మార్చిన పాతదైనా, బిగించినవాడు నిచ్చెన దిగకముందే ఎర్తింగు కొలిచి చూపించమనండి, మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే దానంతట అదే ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ ఉందో లేదో అడగండి, ఉంటే దాని టెస్ట్ మీట నొక్కించండి. మీరు అడక్కపోతే వాడు చెప్పడు, చార్జీ తీసుకుని వెళ్ళిపోతాడు.